బొరుగు కొరకని మామిడికాయ

ఆళ్ళగడ్డ,
ఆదివారం, మధ్యాహ్నం.

చి.ల.సౌ. సుప్రజకు అత్త సుగుణమ్మ దీవించి రాయడం ఏమంటే,

చూశావా, చెయ్యి అలవాటు కొద్దీ ‘చి.ల.సౌ.’ అని రాసేసింది. రాశాక పెన్ను ఆగిపోయింది. మొగుడు పోయిన పిల్లను సౌభాగ్యవతి అని రాయకూడదంటారు. కొట్టేద్దామనుకున్నాను గానీ కొట్టేయబుద్ధి కాలేదు. ఎవరన్నా చూసి తప్పంటే, మా అత్తకు మతి లేదులే అని చెప్పు.

ఇక్కడ మేము బాగున్నాం. బాగుండడమంటే వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం, ఎవరన్నా పలకరిస్తే పలుకుతున్నాం. డోన్‌లో నువ్వూ, మీ అమ్మా నాయనా కులాసాగా ఉన్నారని అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. మీ మామ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, “ఫోను చేతిలో పెట్టుకోని ఉత్తరాలేందే ఈ పాపకు?” అన్నాడు. నాకు మాత్రం అర్థమైంది. ఫోన్లో మనిద్దరం మాట్లాడుకునేది ఏముంది? తిన్నావా అంటే తిన్నా, మీరు తిన్నారా అంటే తిన్నా. ఆ తర్వాత ఇద్దరం ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటాం. నువ్వు కాగితం మీద రాసి మంచి పని చేశావు.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. చొక్కా సంగతి మాత్రం చివరికి ఉంచుతాను. నీ ఉత్తరంలో అసలు మాట అదేనని నాకు తెలుసు. “నాయన సంబంధం చూశాడు. రైల్వేలో పని, మొదటి భార్య పోయింది, నెమ్మదస్తుడంటున్నారు. మీరూ మామా ఊ అంటేనే నేను ఊ అంటాను. అంతకన్నా ముందు మీ అబ్బాయి నీలం గళ్ళ చొక్కా నాకు పంపండి అత్తా. అది నా పెట్టెలో ఉంటే నేను ఏ ఇంటికైనా పోగలను” అని రాశావు. ఆ ముక్క చాలాసార్లు చదివాను. కాస్త ఓపిక పట్టు, ముందు మిగతావి రాయనీ.

నా చెయ్యి ఎలా ఉందని అడిగావు. నాకు తెలియడం లేదు. సాయంత్రానికి మణికట్టు ఉబ్బి కనిపిస్తే, ఓహో నొప్పిగా ఉండాలి కాబోలు అనుకుని మందు రుద్దుకుంటున్నాను. మొన్న తిరగమోత పెడుతూ వేళ్ళు కాల్చుకున్నాను. అదీ అంతే, బొబ్బ చూశాకే తెలిసింది. పక్కింటి జీవరత్నం మందలించింది. “ఏం మనిషివి సుగుణమ్మా, కాలితే అబ్బా అని కూడా అనవా?” అంది. అప్పుడు అబ్బా అన్నాను. ఆమె నవ్వాలో ఏడవాలో తెలియక వెళ్ళిపోయింది.

మీ మామ పొద్దున్నే చేనికి పోతాడు. పత్తికి పురుగు పట్టిందంటాడు, కూలోళ్ళు దొరకలేదంటాడు. అన్నీ మామూలుగానే అంటాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటాడు. సందులో బైకు చప్పుడైతే తల ఎత్తుతాడు. ఆయన కాళ్ళ దగ్గర తోక ముడుచుకుని పడుకున్న బొరుగు కూడా తల ఎత్తుతాడు. బైకు దాటిపోయాక ఇద్దరూ ఒకేసారి తల దించుకుంటారు. హరీష్ సంవత్సరీకం దగ్గరకొస్తోంది, ఈ తలలెత్తడం మాత్రం పోలేదు.

బొరుగు గురించి నువ్వు తింటున్నాడా అని అడగలేదు, కొరుకుతున్నాడా అని అడిగావు. వాణ్ణి తెలిసినదానివి కాబట్టి అడిగావు. లేదు సుప్రజా, కొరకడం లేదు. మీ మామ చెప్పులు గడప ముందే పడుంటాయి. వాటిని దాటుకుని పోతాడు. ఒకరోజు నేనే చెప్పు తెచ్చి మూతి దగ్గర పెట్టి, “కొరుకురా, ఏమీ అననులే” అన్నాను. మొహం అటు తిప్పుకున్నాడు.

ఒకప్పుడు ఈ కుక్కేనా అనిపిస్తుంది. హరీష్ వాణ్ణి రుద్రవరం నుంచి సంచిలో వేసుకుని తెచ్చిన రోజే వంటింట్లో బొరుగుల మూట చించి ఇల్లంతా చల్లాడు. పేరు ఆ పూటే పడింది. తర్వాత చెప్పులు, చీపురు, చార్జరు వైరు, మీ మామ పంచె, నేను అల్లిన టీవీ గుడ్డ. నంద్యాల అంగట్లో రబ్బరు ఎముక కొనిస్తే సాయంత్రానికల్లా ముక్కలు చేసి ఒక ముక్క మింగేశాడు. పశువుల డాక్టరు దగ్గర హరీష్ ఎంత కంగారు పడ్డాడో నీకు గుర్తే కదా. ఆ రోజు నువ్వే అన్నావు, “అత్తా, మీ చెయ్యి మహా బిగువు. వీడికి మీరే ఏదన్నా అల్లండి” అని.

నా బిగువు చెయ్యిని అంతకు ముందు మెచ్చుకున్నవాళ్ళు లేరు. చిన్నప్పటి నుంచి నేను క్రోషా పట్టుకుంటే అందరూ నవ్వేవాళ్ళే. టీవీ మీద గుడ్డ వేస్తే అట్టముక్కలా నిలబడేది. కొంచెం వదులుగా అల్లవే అని మా అమ్మ మొత్తుకునేది. నాకు చేతనైతే కదా. అదే చెయ్యి కుక్క పళ్ళకు సరిపోయింది. లావు నూలు దారం రెండు పోగులు కలిపి, ఆ లావుకు పట్టాల్సిన సూది కాకుండా సన్నం సూదితో అల్లితే పన్ను దూరే సందు ఉండదు. ముడులు పైకి కనపడకూడదు. గుండీ కళ్ళు పెట్టకూడదు, దారంతోనే కుట్టాలి. దూది పెట్టకూడదు, పాత నూలు గుడ్డను పేలికలుగా చించి, గట్టిగా ఉండ చుట్టి, దాన్ని పై అల్లికతో కలిపి అటూ ఇటూ కుట్టేయాలి. ఇవన్నీ మనకు నేర్పింది బొరుగే. వాడు ఎక్కడ చింపితే అక్కడ మనం గట్టి చేశాం. బనగానపల్లె మామిడికాయలా అల్లుదామన్నది హరీష్. దానికి ఒక పచ్చ ఆకు పెడదామన్నది నువ్వు. ఆ ఆకును బొరుగు ఒక్క నిమిషంలో పీకేశాడు, అందుకే మన మామిడికాయలకు ఆకు లేదు.

వాటిని ఫోన్లో పెట్టి ఊరూరికీ అమ్మింది మీరిద్దరే. నువ్వు వెళ్ళాక ఆపేద్దామనుకున్నాను. కానీ హైదరాబాదులో కుక్కల సామాన్లమ్మే అంగడి వాళ్ళు ఒక బస్తా మామిడికాయలు కావాలన్నారు. సరే అన్నాను. వద్దనడానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి కదా, నాకేమీ అనిపించలేదు. జీవరత్నం కాయలకు దారంతో కళ్ళు కుట్టేది. నేను అల్లేదాన్ని, గుడ్డలు చించేదాన్ని. పొద్దున కూర్చుంటే ఎప్పుడు పొద్దుపోయేదో తెలిసేది కాదు. రోజు బాగానే గడుస్తోందనుకున్నాను.

ఇంక చొక్కా సంగతి.

హరీష్ దినాల నాడు వాడి గుడ్డలన్నీ చాకలికి ఇచ్చేశాం. ఆ ఒక్క చొక్కాను నువ్వు తలుపు వెనక మేకుకు, నీ చున్నీ కింద దాచావు. నేను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. వాడు పోయిన పొద్దున వేసుకుని బయలుదేరిన చొక్కా అది. బొరుగు బురద కాళ్ళతో మీదికి దూకితే, “థూ, నీ యవ్వ, పోతాండానని తెల్సి చేస్తావా?” అని తిట్టి, అది విప్పి మేకుకు తగిలించి, తెల్లది వేసుకుని పోయాడు. ఆ తెల్లది లారీ కింద వాడితో పాటే పోయింది. మీ నాయన వచ్చి నిన్ను తీసుకుపోయేటప్పుడు నువ్వు ఆ చొక్కా సంచిలో పెట్టుకోబోతే, “పోయినోళ్ళ గుడ్డ ఇంటికెందుకమ్మా” అని మీ అమ్మ తీయించింది. నేను పక్కనే ఉన్నాను. “ఈడే ఉండనీ, నేను చూసుకుంటాలే” అని నీకు మాటిచ్చింది నేనే.

మొన్న వానలకు మీ గది గోడ చెమ్మ పట్టింది. చొక్కా పాడవుతుందని నేనే తీసి సంచిలో పెట్టి, కళ్ళముందు ఉంటుందని నా మంచం కింద పెట్టుకున్నాను. పేలికలకు జనం ఇచ్చిన పాత గుడ్డల మూటలు కూడా ఆ మంచం కిందే ఉంటాయని నీకు తెలుసు.

ఆఖరి నాలుగైదు కాయలకు గుడ్డ చాల్లేదు. మంచం కిందికి చెయ్యి పెట్టాను. సంచి చేతికి వచ్చింది. తీశాను. గుండీలు కోసి డబ్బాలో వేశాను. కాలరు బిరుసుగా ఉంటుందని మనం వాడం కదా, అది కోసి పక్కన పడేశాను. రెండు చేతులా పట్టుకుని చర్రున చించాను. నీలం గళ్ళు చూశాను సుప్రజా. చూశానని కూడా గుర్తుంది. జేబు మీద బురద మరక ఉంటే, లోపల పెట్టేదే కదా పరవాలేదులే అనుకున్నట్టు కూడా గుర్తుంది. అది ఎవరిదో మాత్రం నాకు తట్టలేదు. నా కొడుకు చొక్కాను నేను పోల్చుకోలేదు. చించి, ఉండ చుట్టి, కుట్టేసి, ఇంకో కాయ మొదలుపెట్టాను.

మరునాడు బస్తాకు ఎత్తుతుంటే బొరుగు వచ్చాడు. ఇన్నాళ్ళూ గంప వైపు కన్నెత్తి చూడనివాడు, మామిడికాయల్లో మూతి పెట్టి కెలికి కెలికి ఒకదాన్ని పట్టుకుపోయాడు. నాకు సంతోషమనిపించింది. వాడు మళ్ళీ కొరుకుతాడనుకున్నాను. వాడు దాన్ని మంచం కిందికి తీసుకుపోయి, దాని మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. “ఏందే వీడు, కొరక్కుండా కాపలా కాస్తాండాడు?” అన్నాడు మీ మామ. ఒకటి పోతే పోనీలే అని మిగతావి కట్టేశాం. మీ మామ బస్తాను నంద్యాలకు తీసుకుపోయి పార్సిలు వేసి వచ్చాడు.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చదివి, చొక్కా తీద్దామని మంచం కిందికి వంగాను. సంచి ఖాళీగా ఉంది. బొరుగు మామిడికాయ మీద గడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది. లేచి చెత్తగంపలో వెతికితే కాలరు దొరికింది. లోపలి అంచు మీద వాడి మెడ మురికి గీత ఇంకా అలాగే ఉంది.

ఉన్న చీరతోనే బస్సెక్కి నంద్యాల పోయాను. పార్సిలు ఆఫీసులో, “నిన్ననే పోయిందే అమ్మా. ఏమన్నా విలువైన సామానా?” అన్నారు. కుక్కల బొమ్మలన్నాను. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. అంగడికి ఫోన్ చేస్తే ఇంకా రాలేదన్నారు. మళ్ళీ చేసేసరికి, “వచ్చినవి వచ్చినట్టే అమ్ముడుపోయాయి ఆంటీ, కుక్కలు ఎంత పీకినా కుట్టు ఊడలేదంట, ఇంకో బస్తా పంపండి” అన్నారు. సరే అన్నాను.

ఒక పాడు పని చేయబోయాను, అది కూడా చెప్పేస్తాను. ఆ రోజు నంద్యాలలో బట్టల అంగట్లోకి పోయి నీలం గళ్ళ చొక్కా అడిగాను. అచ్చం అలాంటిదే తీశారు. సైజెంతమ్మా అంటే వాడి సైజు టక్కున చెప్పాను. నాలుగు ఉతుకులు ఉతికి, జేబు మీద కాస్త బురద పూసి పంపితే నీకు తెలుస్తుందా అనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే గంజి వాసన కొట్టింది. నీకు ముందు తెలిసేది అక్కడే కదా. వద్దులే నాయనా అని పెట్టేసి వచ్చేశాను. బస్టాండులో కూర్చుని, ఏడుపొస్తుందేమోనని కొంగు చేతిలోకి తీసుకున్నాను. రాలేదు. ఆళ్ళగడ్డ బస్సు వస్తే ఎక్కాను.

ఇంటికొచ్చి మీ మామకు చెప్పాను. కాళ్ళు కడుక్కుంటూ అంతా విన్నాడు. చెంబు కింద పెట్టి, తువ్వాలుతో కాళ్ళు రెండుసార్లు తుడుచుకున్నాడు. తర్వాత, “పోనీలేవే. వాడుంటే వాడే చించి ఇచ్చేటోడు. కుక్క అడిగితే ఒంటి మీద గుడ్డ కూడా విప్పే నా కొడుకు” అన్నాడు. ఆ మాట అని లోపలికి పోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంకాసేపటికి అక్కడి నుంచే, “ఆ పాపకు మాత్రం దాచొద్దు. దానికి చెప్పేయ్” అన్నాడు.

చెప్పాను. నువ్వు నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. నేను చూసుకుంటానని మాటిచ్చి, నా చేతులారా చించి, ఊరూపేరూ తెలియని కుక్కల పాలు చేశాను. నాకు బాధగా ఉందా అంటే, ఉండాలని తెలుసు. రోజూ పొద్దున లేచి వచ్చిందేమో చూసుకుంటున్నాను.

నిన్న బొరుగు దగ్గరున్న కాయనన్నా విప్పి నీకు గుడ్డ పంపుదామని కత్తెర తీసుకున్నాను. గుర్రుమంటాడనుకున్నాను. వాడు మామిడికాయను నోట కరుచుకుని బయటకు వచ్చి, తెచ్చి నా పాదాల మీద పెట్టాడు. వాడు ఏదన్నా తెచ్చి ఇచ్చేది హరీష్‌కూ నీకూ మాత్రమే. నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. ఇచ్చి, కూర్చుని, నా మొహం చూశాడు. కాయంతా తిప్పి తిప్పి చూశాను. కత్తెర మొన పెట్టే చోటు ఎక్కడా దొరకలేదు. అంత బిగువుగా అల్లాను. మళ్ళీ వాడికే ఇచ్చేశాను.

ఈ కవరులో కాలరు పెట్టాను. ఉతకలేదు. గుండీలు కూడా పెట్టాను. డబ్బాలో అన్నీ కలిసిపోయాయి, వాడివి ఏవో తేల్చుకోలేక నీలం దారం అంటుకున్నవన్నీ ఏరాను. ఒకటో రెండో వేరేవాళ్ళవి వచ్చి ఉంటే ఏమనుకోవద్దు.

మామిడికాయ మాత్రం పంపను. నా చేత్తో పార్సిలు కట్టింది చాలు. అది నీది. నువ్వే వచ్చి తీసుకోవాలి. బొరుగు నీకైతే ఇస్తాడు. ఊరికే రావడానికి నీకు మొహమాటమైతే పెళ్ళయ్యాక రా, అతన్నీ తీసుకుని రా. మీ మామ అతనికి కుర్చీ వేస్తాడు, నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తాను. అతను ఎలాంటివాడో బొరుగు వాసన చూసి చెబుతాడు, నీకంటే నాకంటే వాడికే బాగా తెలుస్తుంది.

చొక్కా లేదని పెళ్ళి ఆపుకోకు. మీ నాయన మొన్న ఫోన్ చేసినప్పుడు ఆలోచించి చెబుతామని పెట్టేశాను. ఆలోచించింది ఏమీ లేదు, ఊ అనడానికి నోరు రాలేదంతే. పొద్దున మీ మామ ఫోన్ చేసి, “మాకు ఇష్టమేనప్పా, పాపను సంతోషంగా చూసుకోమనండి” అని చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఊ అన్నాను. గట్టిగానే అన్నాను, మీ నాయనకు వినపడే ఉంటుంది.

పైన రాసిన చి.ల.సౌ. అలాగే ఉంచుతున్నాను.

మీ అమ్మానాయనలకు మా ఇద్దరి నమస్కారాలు. వేళకు తిను. ఉత్తరం ముగించే వేళకు వాన మొదలైంది, బొరుగు కాయ తడవకుండా లోపలికి తెచ్చుకున్నాడు.

ఇట్లు,
నువ్వు ఎవరింటి కోడలివైనా
నీకు అత్తే అయిన
సుగుణమ్మ